గాలిలోని పోగులను లెక్కించేవాని చేతిపుస్తకం

రాతినారకు, అనగా ఆస్‌బెస్టాస్‌కు, పాఠ్యగ్రంథాలలో చాలాకాలం మంచిపేరే వుండేది. నిప్పుకు కాలదు, వేడిని దాటనివ్వదు, దూదివలె వడికి నేయవచ్చు. మన కడపజిల్లాలో పులివెందుల ప్రాంతాన దీనిని గనులనుంచి తీసినారు. దీని పోగులు ఊపిరితిత్తులలో దిగబడి, ఎన్నో ఏళ్ళ తరువాత ప్రాణాంతకమైన వ్యాధులను తెస్తవని తెలిసిన మీదట బ్రిటన్‌లో నీలి, గోధుమ రకాలను 1985లోను, తెల్లదానిని 1999లోను నిషేధించినారు. నిషేధించినారు సరే, అప్పటికే గోడలలోను, పైకప్పులలోను, ఆవిరిగొట్టాల చుట్టూను చేరిన నార ఎక్కడికి పోతుంది? భవనాన్ని బాగుచేసేటప్పుడు దానిని తీయవలెను. తీసిన తరువాత, ఈ గదిలోకి ఇక మనుషులు రావచ్చునని ఎవరో ఒకరు సంతకం చేయవలెను.

ఆ సంతకం చేసే విశ్లేషకుని కొరకు అక్కడి ప్రభుత్వ సంస్థ హెల్త్ అండ్ సేఫ్టీ ఎగ్జిక్యూటివ్ వ్రాయించిన పుస్తకమే ‘ది ఎనలిస్ట్స్ గైడ్’. మొదటి కూర్పు 2005లోను, రెండవది 2021లోను వెలువడినవి. కొలత అంటే ఏమిటో విద్యార్థులకు బోధించే ఉపాధ్యాయునికి ఇది పనికివచ్చే పుస్తకం. దీని గుణమూ నేర్పుతుంది, లోపమూ నేర్పుతుంది. సంతకం తప్పయితే దాని ఫలితం ఆ ఏడు కనిపించదు. ముప్పయి, నలభై సంవత్సరాల తరువాత ఒకరికి జబ్బుచేస్తే, అది ఏ గదిలో పీల్చిన గాలివల్లనో ఎవరు చెప్పగలరు? అందువల్ల తప్పు చేసినవానికి తన తప్పు ఎన్నడూ తెలియదు. పుస్తకాన్ని ఈ దృష్టితో చదవవలెను.

పరీక్ష నాలుగు దశలలో జరుగుతుంది. పని పూర్తి అయినదో లేదో, ఆవరణ సరిగా వున్నదో లేదో చూడడం మొదటిది. మూసివుంచిన ఆవరణలోనికి స్వయంగా పోయి, దీపం పట్టి, గొట్టాల వెనుక, అంచులపైన, పగుళ్ళలోను కంటితో వెదకడం రెండవది. గాలిని కొలవడం మూడవదే! ఆవరణను విప్పిన తరువాత మరల చూడడం నాలుగవది. రెండవ దశలో ధూళి కనబడితే, దానిని శుభ్రం చేసేవరకు పంపు తిప్పరాదు. యంత్రానికంటె ముందు కంటిని నిలబెట్టిన ఈ వరుస నాకు ఎంతో నచ్చినది. గాలిని కొలిచేటప్పుడు గదిలోని తలాలను బ్రష్షుతో తుడిచి, మిగిలిన దుమ్మును కావాలనే లేపుతారు. అడుగు కదపకుండా చెరువునీరు తేటగా వున్నదని చెప్పడంలో అర్థమేమున్నది?

ఇక మూడవ దశలోని అంకెను చూద్దాం. ఒక మిల్లీలీటరు గాలిలో 0.01 పోగుకు తక్కువ వుంటే గది ఉత్తీర్ణమైనట్లు. ఈ 0.01 ఎక్కడనుంచి వచ్చినది? విద్యార్థులు కాగితం తీసి లెక్కవేయవచ్చు. నిమిషానికి 8 లీటర్ల చొప్పున గంటసేపు, అనగా 480 లీటర్ల గాలిని, ఒక పలుచని వడపోత పొరగుండా లాగినారనుకుందాం. పొరలో దుమ్ము పట్టే భాగం సుమారు 22 మిల్లీమీటర్ల వ్యాసం గల వృత్తం. వైశాల్యం 380 చదరపు మిల్లీమీటర్లు. ఫేజ్ కాంట్రాస్ట్ సూక్ష్మదర్శిని క్రింద ఒక్కొక్కటి 0.1 మిల్లీమీటరు వ్యాసం గల 200 వృత్తాలను చూస్తారు. అన్నీ కలిసి 1.57 చదరపు మిల్లీమీటర్లు, అనగా పొరలో 242వ వంతు. వాటిలో 20 పోగులు కనబడితే మొత్తం పొరమీద 4,840 వున్నట్లు. దానిని 4,80,000 మిల్లీలీటర్లతో భాగిస్తే 0.01 వస్తుంది. 20కి తక్కువైన లెక్కను నమ్మడానికి వీలులేదు. ఏలనగా శుభ్రమైన పొరమీద కూడా కొన్ని పోగులు కనబడవచ్చు.

కాబట్టి 0.01 అన్నది ఆరోగ్యానికి గీసిన గీత కాదు, లెక్కపెట్టే పద్ధతికి వున్న గీత. లీటరుకు 10 పోగులు! నిమిషానికి ఆరు లీటర్లు పీల్చేవాడు గంటలో 3,600 పోగులు లోనికి తీసుకోవచ్చు. ఈ అంకె పని ముగిసిన వేళ గది ఎంత శుభ్రంగా వున్నదో తెలిపే తాత్కాలిక సూచనే గాని, ఎల్లకాలం పీల్చదగిన గాలికి ప్రమాణం కాదని పుస్తకం స్పష్టంగానే చెబుతున్నది. కాని అది చెప్పేది విశ్లేషకునితో. గది తాళంచెవి అందుకునే ప్రధానోపాధ్యాయుడు ఈ పుస్తకం చదవడు. అతని చేతికి వచ్చేది పత్రం, పత్రంలో అంకె. ఆ వివరణ పత్రంమీదనే, అంకె ప్రక్కనే, పెద్ద అక్షరాలలో వుండవలసినది.

మరొక చిక్కు వున్నది. 5 మైక్రాన్లకంటె పొడవై, 3 మైక్రాన్లకంటె సన్ననై, వెడల్పుకు మూడు రెట్లకు మించి పొడవున్న ప్రతి పోగునూ లెక్కిస్తారు. అది రాతినారో, బట్టనుంచి రాలిన నూలో ఈ సూక్ష్మదర్శిని తేల్చదు. 0.2 మైక్రానుకంటె సన్నని పోగు దానికి కనబడనే కనబడదు. తెల్ల రాతినార పోగులు విడివడితే అంతకంటె ఎంతో సన్నగా వుంటవి. అందుచేత లెక్క ఎక్కువైనా కావచ్చు, తక్కువైనా కావచ్చు. ఫ్రాన్సులో ఎలెక్ట్రాను సూక్ష్మదర్శినితో చూసి, లీటరుకు 5 పోగులను హద్దుగా పెట్టుకున్నారు. రెండు పద్ధతులూ లెక్కించే పోగులు ఒకటే కావు గనుక, ఐదు పదిలో సగమని తేల్చివేయడం పొరపాటు. ఎలెక్ట్రాను సూక్ష్మదర్శినికి ఖర్చూ కాలమూ ఎక్కువ పడతవి. ఆవరణ దగ్గరనే కూర్చుని అప్పటికప్పుడు ఫలితం చెప్పడానికి బ్రిటిషు పద్ధతే అనువైనది. నా ఆక్షేపణ పద్ధతిమీద కాదు, దాని అంకెకు లోకం ఇచ్చే గౌరవంమీద.

ఇంతకంటె పెద్ద లోపం సూక్ష్మదర్శినిలో లేదు. నారను తీసే గుత్తేదారే విశ్లేషకునికి జీతమిస్తే ఏమవుతుంది? విశ్లేషకుని భవన యజమానే నియమించుకోవడం మంచిదని పుస్తకం గట్టిగా సలహా ఇస్తున్నది. కాని సలహా శాసనం కాదు గదా! 2021 కూర్పులో కంటి తనిఖీకి ఛాయాచిత్రాలు జతపరచవలెనన్నారు. ఇది మంచి మార్పు. గదిలోకి పోకుండానే సంతకం చేయదలచినవానికి ఇది కొంత అడ్డు.

మన ఇండ్లపైన, బడులపైన వున్న సిమెంటు రేకులకు ఈ నాలుగు దశలూ అన్వయించవు. వాటిలో నార సిమెంటుతో బిగిసివుంటుంది గనుక, బ్రిటన్‌లోనూ వాటిని దించడానికి సాధారణంగా ఇంత ఏర్పాటు అడగరు. అక్కడ గాలిపరీక్ష వుండదు, పత్రమూ వుండదు. రేకును తడిపి, రంపం పెట్టకుండా, పగులగొట్టకుండా నిండురేకుగా దించినారా, క్రింద ముక్కలేమైనా పడినవా అని చూడడం రెండవ దశవలె పూర్తిగా కంటిపనే.