నేస్తూ ఉండి ఉంటాడు

మాచాని సోమప్ప 1938లో చేనేత సహకార సంఘం పెట్టిన ఊరు ఎమ్మిగనూరు. అక్కడి నేతగాడి గురించి ఎవరైనా అడిగితే ఇంట్లోవాళ్ళు, "ఈపాటికి నేస్తూ ఉండి ఉంటాడు" అంటారు. ఇంగ్లీషులో అదే మాట "హి విల్ హావ్ బీన్ వీవింగ్". ఇన్ని క్రియలు వరసగా కనబడేసరికి పిల్లలు జడుసుకుంటారు. వెనక నుంచి విప్పి చూడండి. వీవింగ్ అంటే నేస్తూ, బీన్ అంటే ఉండి, విల్ హావ్ అంటే ఉంటాడు. మన వాక్యమే అద్దంలో కనబడుతోంది!

ఆ కూర్పులోని బిగువు చూస్తే నాకు ముచ్చటేస్తుంది. ముందు మాట తర్వాతి మాటకు రూపం నిర్ణయిస్తుంది: హావ్ పక్కన చేరిన బీ, బీన్ అవుతుంది, బీన్ పక్కన చేరిన వీవ్, వీవింగ్ అవుతుంది. ఒక్క పోగు తప్పినా తెలిసిపోతుంది. కర్త గుర్తు మొదటి మాటకే: "హాజ్ బీన్ వీవింగ్"లో ఆ "జ్" ఒక్కటే. మనకు ఆ పని వాక్యం చివరి "డు" చేస్తుంది.

"హి వీవ్స్ శారీస్" అన్న మాట మగ్గం ఆగిన రోజున కూడా నిజమే. దీనికి ప్రెజెంట్ అన్న పేరు పిల్లల్ని తప్పుదారి పట్టిస్తుంది. 1858 నాటి బాలవ్యాకరణంలో చిన్నయసూరి వర్తమానం నుంచి వేరుచేసి చెప్పిన తద్ధర్మం, అంటే అలవాటునో స్వభావాన్నో చెప్పే క్రియారూపం, దీనికి ఎంతో దగ్గర. చీరలు నేస్తాడు, అది అతని వృత్తి. అంతే.

ఎమ్మిగనూరుకు దగ్గర్లోని ఆదోని 1953 దాకా బళ్ళారి జిల్లాలో ఉండేది. 1816లో ఇంగ్లీషువాళ్ళ కోసం తెలుగు వ్యాకరణం అచ్చువేసిన ఎ.డి. క్యాంబెల్ తర్వాత ఆ జిల్లాకే కలెక్టరుగా వచ్చాడు. 1823లో ఆయన లెక్కించిన 533 బడుల్లో తెలుగువి 226, కన్నడానివి 235, ఇంగ్లీషుది ఒకే ఒక్కటి. తెలుగు క్రియను అటువాళ్ళకు విప్పిచెప్పిన మనిషి ఏలుబడిలోనే, ఇటు పిల్లలకు ఇంగ్లీషు క్రియను విప్పే చోటు అంత అరుదు.

ఆ ఇంగ్లీషు క్రియలో అన్నిటికంటే కష్టమైనది హావ్. దానికి ఆదోని మార్కెట్ యార్డే మంచి పాఠం. "కాటన్ హాజ్ కమ్" అంటే బోరాలు ఇప్పుడు యార్డులో ఉన్నాయి, వెళ్ళి చూడొచ్చు. "కాటన్ కేమ్ యెస్టర్‌డే" అంటే నిన్న వచ్చింది. ఈపాటికి అమ్ముడుపోయి ఉండొచ్చు. హాజ్ చూపు ఇవాళ్టి మీద ఉంటుంది, అందుకే పక్కన యెస్టర్‌డేని చేరనివ్వదు. ఇది కొత్త నియమమని పిల్లలకు చెప్పక్కర్లేదు. "పత్తి వచ్చి ఉంది" అనమనండి. తర్వాత దాని ముందు "నిన్న" చేర్చి పలకమనండి. ఎక్కడ అతకడం లేదో వాళ్ళ చెవే పట్టుకుంటుంది.