జాజ్ కీబోర్డు నేర్పే సాఫ్ట్‌వేర్: ఎంపికకు ఒక కొలమానం

1. ప్రవేశిక

దూరవిద్యలో చదువుతున్న మీకు గురువు ఎదురుగా ఉండరు. పుస్తకం చెబుతుంది కాని, మీరు చెప్పేది వినదు. చరిత్ర, అర్థశాస్త్రం వంటి విషయాల్లో ఈ లోటును అసైన్‌మెంట్లతో కొంతవరకు పూడ్చుకోవచ్చు. సంగీతంలో అలా కుదరదు. అందుకే జాజ్ కీబోర్డు నేర్చుకోదలచినవారు గురువుకు బదులుగా సాఫ్ట్‌వేర్‌ను వెతుక్కుంటారు. ఎంపిక తప్పితే పోయేది డబ్బు ఒక్కటే కాదు. నెలల తరబడి చేసిన సాధన వినని చేతులను తయారు చేస్తుంది.

ఈ సాఫ్ట్‌వేర్‌లను మూడు రకాలుగా విభజించి పరిశీలిద్దాం. మూడింటినీ ఒకే ప్రశ్నతో కొలుద్దాం: ఇది నా కంటికి పని చెబుతోందా, చెవికి చెబుతోందా?

2. తప్పొప్పులు చెప్పే సాఫ్ట్‌వేర్

సింథీసియా ఈ రకానికి మంచి ఉదాహరణ. తెర పైనుంచి రంగు పట్టీలు కిందికి జారుతుంటాయి. పట్టీ ఏ మీటను తాకితే ఆ మీటను నొక్కాలి. సాధన చేసేటప్పుడు మీరు సరైన మీట నొక్కేదాకా అది ఆగగలదు కూడా. స్వరలిపి రానివారు సైతం కొద్ది రోజుల్లో ఒక పాటను పలికించగలుగుతారు. ఈ మేలును కాదనలేం.

అయితే జాజ్ ప్రాణం ఆ పట్టీల్లో ఇమడదు. జాజ్‌లో 'స్వింగ్' అనే నడక ఉంది. ఒక దెబ్బలో వచ్చే రెండు స్వరాలను సమానంగా రాసినా, వాయించేటప్పుడు మొదటిది సాగుతుంది, రెండోది కురచవుతుంది. వేగం తగ్గితే ఆ తేడా పెరుగుతుంది, వేగం హెచ్చితే దాదాపు మాయమవుతుంది. పియానిస్టు ఎరోల్ గార్నర్ 1955లో చేసిన 'కాన్సర్ట్ బై ది సీ' రికార్డింగు వినండి. ఎడమచేయి లయను గట్టిగా పట్టుకుని ఉంటే, కుడిచేయి కావాలనే కాస్త వెనకబడి వస్తుంది. గార్నర్‌కు స్వరలిపి చదవడం రాదు. దెబ్బకు ఎంత దగ్గరగా నొక్కారన్నదాన్ని బట్టి మార్కులు వేసే యంత్రం ఆయన కుడిచేతిని తప్పుపడుతుంది.

ఇక్కడ పాఠాలు రాసే మావంటివారం కూడా ఒక మాట ఒప్పుకోవాలి. దిద్దడం సులువని ఖాళీలు పూరించే ప్రశ్నలు మేమూ ఇచ్చాం. దిద్దడానికి వీలైనదే క్రమంగా పాఠమైపోతుంది. ఈ సాఫ్ట్‌వేర్‌లోనూ జరిగింది అదే.

3. పక్కవాద్యం సమకూర్చే సాఫ్ట్‌వేర్

ఈ ఆలోచన కంప్యూటర్ల కంటే పాతది. జేమీ ఎబర్‌సోల్డ్ 1967లో సాధన రికార్డులు తేవడం మొదలుపెట్టారు. వాటిలో బాస్ ఒకవైపు స్పీకరులో, పియానో మరోవైపు స్పీకరులో వినిపించేవి. పియానో నేర్చుకునేవారు పియానో వైపు స్పీకరును ఆపి, ఆ ఖాళీని తాము నింపేవారు. 1990లో వచ్చిన బ్యాండ్ ఇన్ ఎ బాక్స్, ఆ తర్వాత ఫోన్లలోకి వచ్చిన ఐరియల్ ప్రో ఈ దారివే. కార్డుల పేర్లు, అంటే స్వరగుచ్ఛాల పేర్లు ఇస్తే బాస్, డ్రమ్స్ వాయిస్తాయి. వేగాన్ని, శ్రుతిని మార్చుకోవచ్చు.

మనకు శ్రుతిపెట్టె, ఎలక్ట్రానిక్ తబలా అలవాటే కాబట్టి దీని విలువ వెంటనే తెలుస్తుంది. ఐరియల్ ప్రో కార్డులు చూపుతుంది కాని, పాట వరస చూపదు. దీన్ని లోపమనుకోకండి. వరస కోసం మీరు అసలు రికార్డింగు దగ్గరికి వెళ్లక తప్పదు, అదే మేలు. బ్యాండ్ ఇన్ ఎ బాక్స్ మీ బదులు మనోధర్మాన్ని కూడా తానే కల్పించగలదు. ఆ సదుపాయాన్ని ముట్టుకోకండి.

అసలు లోపం వేరే ఉంది. ఈ బాస్ మిమ్మల్ని వినదు. బిల్ ఎవాన్స్ బృందం 1961 జూన్‌లో న్యూయార్క్ విలేజ్ వాన్‌గార్డ్ క్లబ్బులో చేసిన రికార్డింగుల్లో స్కాట్ లఫారో బాస్ పియానోకు అడుగడుగునా బదులు చెబుతుంది. అలాంటి సంభాషణను ఈ సాఫ్ట్‌వేర్ నుంచి ఆశించకండి.

4. రికార్డింగును నెమ్మదింపజేసే సాఫ్ట్‌వేర్

ట్రాన్‌స్క్రైబ్, ఉచితంగా దొరికే ఆడాసిటీ వంటివి శ్రుతి మారకుండా వేగం తగ్గిస్తాయి, కోరిన భాగాన్ని మళ్లీ మళ్లీ వినిపిస్తాయి. ఇవి దేన్నీ నేర్పవు, మార్కులూ వేయవు. మీరు వింటేనే వీటికి పని. లెనీ ట్రిస్టానో తన శిష్యులచేత గొప్ప వాద్యకారుల రికార్డు సోలోలను ముందు గొంతుతో పాడించేవారు. ఆ పద్ధతికి ఇంతకంటే తగిన పనిముట్టు లేదు.

మైల్స్ డేవిస్ 1959 నాటి 'సో వాట్' తీసుకోండి. ఒక ఆవృత్తికి 32 బార్లు, బార్‌కు నాలుగు దెబ్బలు. మొదటి 16 బార్లు డి స్వరాన్ని షడ్జంగా పెట్టుకుని తెల్లమీటలతో నడుస్తాయి. గమకాలు, సంచారాలు పక్కనపెడితే ఇవి మన ఖరహరప్రియ స్వరాలే. తర్వాతి 8 బార్లలో షడ్జంతో సహా అన్నీ అర్ధస్వరం పైకి జరుగుతాయి. చివరి 8 బార్లలో తిరిగి కిందికి వస్తాయి. కచేరీలో శ్రుతి కదలదన్న నమ్మకంతో పెరిగిన చెవికి ఈ కదలిక ఒక కుదుపు. తెరపై చూస్తే అది రెండు అక్షరాల మార్పు మాత్రమే. కళ్లు మూసుకుని వింటే కాళ్ల కింద నేల జరిగినట్టుంటుంది. ఆ కుదుపు తెలిసిన రోజే పాఠం మొదలైనట్టు.

5. మూల్యాంకనం

కాబట్టి మొదట నెమ్మదింపజేసే సాఫ్ట్‌వేర్‌ను, తర్వాత పక్కవాద్యం ఇచ్చేదాన్ని ఎంచుకోండి. తప్పొప్పులు చెప్పేదాన్ని మీటలు గుర్తుపట్టే తొలి వారాలకే పరిమితం చేయండి. బ్లూటూత్ హెడ్‌ఫోన్లు వాడకండి. మీట నొక్కాక ధ్వని ఆలస్యంగా వస్తే లయ చెడుతుంది. వారానికోసారి మీ వాద్యాన్ని ఫోన్‌లో రికార్డు చేసి, మరునాడు వినండి. మిమ్మల్ని వినే గురువు దొరికేదాకా ఆ పని మీరే చేసుకోవాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. 'సో వాట్' కళ్లు మూసుకుని వినండి. షడ్జం జరిగిన ప్రతిసారీ చేయి ఎత్తండి. ఒక ఆవృత్తిలో ఎన్నిసార్లు ఎత్తారు?
2. మీరు ఇప్పుడు వాడుతున్న సాఫ్ట్‌వేర్ తెరను గుడ్డతో కప్పండి. సాధన కొనసాగించగలిగారా? లేకపోతే, ఇన్నాళ్లూ మీరు నేర్చుకున్నది ఏమిటి?