పలుగురాయి, పగడం

పోయిన ఆదివారం డల్లాస్ నుంచి మా మేనల్లుడు వాట్సాప్‌లో ఫొటో పెట్టాడు. ఉప్పునీళ్ల తొట్టిలో పగడాలు పెంచే పిచ్చి వాడిది. ఈసారి కొన్నదాని పేరు 'డ్రాగన్ సోల్' అట. "పక్కన హోలీ గ్రెయిల్ కూడా ఉండె మామా, ధర చూసి వదిలేసినా" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. పేర్ల దగ్గర నాకు కాస్త ఛాదస్తం. "అంగడివాడు పెట్టిన ముద్దుపేరు కాదురా, జాతి పేరు కనుక్కో. జొన్నగిరి మనిషికి రాయి పోల్చుకోవడం ఒకరు నేర్పాల్నా?" అని చీవాట్లు పెట్టాను.

పెట్టాక గుర్తొచ్చింది, నాకు రాయి పోల్చుకోవడం ఎన్నడూ రాలేదని.

తొలకరి పడగానే మా జొన్నగిరి చుట్టుపక్కల తుగ్గలి, మద్దికెర చేలల్లోకి జనం సద్దిమూటలతో దిగి వజ్రాలు వెతుకుతారు. నాకు పదేళ్లప్పుడు అవ్వ వెంట పోయి, తళతళలాడే ముక్క ఒకటి ఏరుకొచ్చాను. వజ్రమైతే గాజు మీద గీత పడుతుందని ఎవరో చెప్పారు. లాంతరు చిమ్నీ మీద గీశాను. పడింది! ఆ రాత్రి మా ఇంట్లో మిద్దె లేచింది, బోరు పడింది, మా అత్తకు కమ్మలు కూడా వచ్చాయి. తెల్లారి వ్యాపారి ఆ ముక్కను నోటి దగ్గర పెట్టుకుని ఉఫ్‌మని ఊదాడు. పట్టిన ఆవిరి తీరిగ్గా పోయింది. "పలుగురాయి నాయనా" అని తిరిగి నా చేతిలోనే పెట్టాడు. వజ్రం వేడిని చప్పున పంచేస్తుంది, ఆవిరి నిలవదు. గాజును గీయడమంటారా, పలుగురాయి కూడా గీస్తుంది. గట్టిదనం లెక్కలో గాజు 5.5, పలుగు 7, వజ్రం 10. చిమ్నీ పాడుచేసినందుకు అవ్వ తిట్టిన తిట్లు ఎంతకు తూగుతాయో పుస్తకాల్లో లేదు.

ఈ కథ మేనల్లుడికి చెబితే, "నీ రాయి మారదు గదా మామా, ఇది మారుతుంది" అన్నాడు. నిజమే. వెలుతురు మారితే పగడం రంగు మారుతుంది, నీటి వడి మారితే ఆకారమూ మారుతుంది. పైగా పగడం అనే మన మాటలోనే ఒక తిరకాసు ఉంది. తాళిలో గుచ్చే పగడమూ, సముద్రంలో దిబ్బలు కట్టే పగడమూ ఒకటి కావు. మొదటిదానికి ఒక్కో చిన్న జీవికి, అంటే పాలిప్‌కు ఎనిమిది మీసాలు, రెండోదానికి ఆరుల లెక్కన ఉంటాయి. (బడి పుస్తకాలు స్పర్శకాలు అంటాయి, అననివ్వండి.) గోనియోపోరా, ఆల్వియోపోరా అనే పగడాలు కవలల్లా కనిపిస్తాయి. మీసాలు లెక్కపెడితే గోనియోపోరాకు 24, ఆల్వియోపోరాకు 12. ఇలాంటి పరీక్ష నాకిష్టం, ఊది చూసినంత సులువు. మన దేశంలో మాత్రం పగడాలు పెంచే ఈ సరదా కుదరదు. 2001 నుంచి రాతి పగడాలన్నీ వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూలులో, పులి సరసన ఉన్నాయి.

డ్రాగన్ సోల్ అసలు పేరు యూఫిలియా గ్లాబ్రెసెన్స్. అంగట్లో టార్చ్. దాని చుట్టాలు హ్యామర్, ఫ్రాగ్‌స్పాన్. మూడూ యూఫిలియాలే అని చదువుకున్నవాళ్లు చెబుతూ వచ్చారు. చివరి రెంటికీ అస్థిపంజరం ఒకేలా ఉంటుంది కాబట్టి చంపి చూసినా తేలదు, బతికుండగా మీసం కొసలే చూడాలి. తొట్టిలో పెంచేవాళ్లకు వేరే సంగతి తెలుసు. హ్యామర్, ఫ్రాగ్‌స్పాన్ ఒరుసుకున్నా సర్దుకుపోతాయి, టార్చ్ మాత్రం రెండింటినీ కాల్చేస్తుంది. లాటిన్ పేరు నమ్మి 'ఒక ఇంటివే కదా' అని పక్కపక్కన పెట్టినవాడు మునిగాడు. 2017లో జన్యువులు పరీక్షించి హ్యామర్‌నూ ఫ్రాగ్‌స్పాన్‌నూ ఫింబ్రియాఫిలియా అనే వేరే ప్రజాతిలోకి మార్చారు. టార్చ్ పాత ఇంట్లోనే ఉండిపోయింది.

అంటే నేను వెక్కిరించిన అంగడి మనుషులే వాటిని ముందే విడదీసి పెట్టుకున్నారు. చీవాట్లు వెనక్కి తీసుకున్నాను. డ్రాగన్ సోల్‌ను మాత్రం క్షమించలేదు.

"అయితే నువ్వే తెలుగు పేర్లు పెట్టు మామా" అన్నాడు. దివిటీ, సుత్తి, కప్పగుడ్లు అని రాసి పంపాను. దివిటీని జానెడు దూరం జరిపాడట. హాల్లో కప్పగుడ్లు అని చీటీ అంటించడానికి మాత్రం వాడి భార్య ఒప్పుకోలేదు.