మంటకు లెక్క కట్టేవాళ్లు

చలి పొద్దున స్టార్ట్ చేసిన డీజిల్ బండి టకటకలాడితే మనం విసుక్కుంటాం. ఇంజన్లను పరీక్షించే టెస్ట్ సెల్‌లో పనిచేసే ఇంజనీరు ఆ చప్పుడుకు లెక్క కడతాడు. మామూలు ఇంజన్‌లో మంట కంటికి కనిపించదు. అతనికి దొరికేది ఒత్తిడి ఒక్కటే. సిలిండర్ హెడ్‌లో బిగించిన చిన్న సెన్సర్, క్రాంక్ షాఫ్ట్ తిరిగే ప్రతి డిగ్రీకీ దాన్ని చెబుతుంది. 1500 ఆర్‌పీఎం దగ్గర డిగ్రీ అంటే సెకనులో 9000వ వంతు! ఒత్తిడిలో, ఘనపరిమాణంలో వచ్చే మార్పుల్ని థర్మోడైనమిక్స్ మొదటి సూత్రంలో పెడితే, ఏ క్షణాన ఎంత వేడి పుట్టిందో గీతగా వస్తుంది.

ఆ గీతకు తరచూ రెండు మూపురాలుంటాయి. చిమ్మిన డీజిల్ వెంటనే అంటుకోదు. ఆ కాస్త ఆలస్యంలో గాలితో కలిసిపోయినదంతా ఒక్కసారిగా భగ్గుమంటుంది, మన టకటక అదే. చలిలో ఆలస్యం ఎక్కువ, కనుక మోతా ఎక్కువే. మిగతాది గాలి అందినకొద్దీ నింపాదిగా కాలుతుంది. సోవియట్ ఇంజనీరు వీబే ఇంధనం కాలే తీరును ఒక చిన్న ఎక్స్‌పొనెన్షియల్ సూత్రంలో ఇమిడ్చాడు. డీజిల్‌కు అలాంటివి రెండు కలిపి వాడతారు.

సూత్రం ఎవరైనా టైపు చేస్తారు, పనితనం వేరేచోట ఉంది. పిస్టన్ పైకొసకు చేరే క్షణాన్ని చూపే గుర్తు ఒక్క డిగ్రీ తప్పితే లెక్కంతా చెడుతుంది. సిగ్నల్‌ను మరీ నున్నగా చేస్తే మొదటి మూపురమే అరిగిపోతుంది. అందంగా వచ్చిన గీతను నమ్మకుండా, పోసిన ఇంధనంలోని వేడితో సరిచూసేవాడే నా దృష్టిలో అసలైన పనిమంతుడు.