పోయిన సబ్జెక్టు

సెమిస్టర్ ఫలితాలు వచ్చిన రోజు కాలేజీ వరండాలో ఎక్కువగా వినిపించే మాట: "సార్, నాకు అకౌంట్స్ పోయింది." పక్కనున్న పిల్లవాడు వెంటనే అడిగేది: "సప్లీ ఫీజు ఎప్పటిదాకా?" ఆ సబ్జెక్టు ఎక్కడ పోయింది, ఏ ప్రశ్న దగ్గర పోయింది అని అడిగేవాళ్లు అరుదు. ఇంట్లోనూ అదే తీరు. ఒకరోజు తిడతారు, మర్నాడు ఫీజుకు డబ్బులు సర్దుతారు. పోయిన చోటు మాత్రం వెతకరు. నల్లగొండలో డిగ్రీ పిల్లలకు కామర్స్ చెబుతున్న నాకు ఈ విషయంలో స్థిరమైన అభిప్రాయం ఒకటుంది. ఫీజు కట్టి, హాల్ టికెట్ తెచ్చుకుని, మళ్లీ అదే హాల్లో కూర్చున్నంత మాత్రాన రెండో అవకాశం దక్కినట్టు కాదు. విద్యార్థి రాసిన జవాబుపత్రాన్ని ముందు పెట్టుకుని, చెప్పేవాళ్లొకరు పక్కన కూర్చుంటేనే అది దక్కుతుంది.

ఒకప్పుడు నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల డిగ్రీ కాలేజీలు ఉస్మానియా కింద ఉండేవి. 2007లో నల్లగొండకు మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం, 2008లో మహబూబ్‌నగర్‌కు పాలమూరు విశ్వవిద్యాలయం వచ్చాయి. పరీక్షల పనికి హైదరాబాద్ బస్సెక్కే బాధ తగ్గింది. 2016-17 నుంచి డిగ్రీలో సెమిస్టర్ పద్ధతి వచ్చింది. పోయిన పేపర్‌ను తర్వాతి పరీక్షల సమయంలో బ్యాక్‌లాగ్‌గా రాసుకోవచ్చు. ఇవన్నీ మంచి మార్పులే. అయితే కొత్త సెమిస్టర్ మొదలయ్యాక పాత పాఠం చెప్పేవాళ్లుండరు. టైంటేబుల్‌లో బ్యాక్‌లాగ్‌కు పీరియడ్ ఉండదు. మొదటిసారి క్లాసులో విన్నా అర్థం కాని పాఠాన్ని రెండోసారి ఎవరి సాయం లేకుండా అర్థం చేసుకోమంటున్నాం.

ఫెయిలయ్యేది ఎవరో కూడా చూడాలి. మా వైపు పత్తి ఏరే కాలం, మొదటి సెమిస్టర్ చివరి పాఠాలు ఒకేసారి వస్తాయి. దేవరకొండ వైపు తండాల నుంచి వచ్చే ఆడపిల్లలు ఆ రోజుల్లో చేనులో ఉంటారు. పాలమూరులో తల్లిదండ్రులు పుణెకో ముంబైకో పనికి పోతే, నానమ్మను, తమ్ముళ్లను చూసుకుంటూ చదివే పిల్లలున్నారు. జడ్చర్ల దగ్గర కంపెనీలో రాత్రి షిఫ్టు చేసి, పొద్దున బస్సులో కునుకు తీసి క్లాసుకు వచ్చేవాళ్లున్నారు. చదవక ఫెయిలైనవాళ్లు లేరని నేననను, ఉన్నారు. కానీ చదవనివాడికి, రాలేకపోయినవాడికి, వచ్చి విన్నా పట్టుబడనివాడికి కావలసినవి వేర్వేరు. సప్లీ పరీక్ష ఈ ముగ్గురికీ ఒకే ప్రశ్నపత్రం ఇచ్చి ఊరుకుంటుంది.

ఒక పిల్లవాడి పేపర్ సంగతి చెబుతాను. ఫీజు కట్టి తన జవాబుపత్రం నకలు తెప్పించుకుని నా దగ్గరికి తెచ్చాడు. "మంచిగనే రాసిన సార్, ఎక్కడ పోయిందో తెలుస్తలేదు" అన్నాడు. తరుగుదల లెక్క అది. జూలై 1న లక్ష రూపాయలకు యంత్రం కొన్నారు, తగ్గుతున్న నిల్వల పద్ధతిలో ఏటా 10 శాతం తరుగుదల, పుస్తకాలు మార్చి 31న ముగుస్తాయి. మొదటి ఏడాదికి తొమ్మిది నెలలకే లెక్క కట్టాలి, అంటే 7,500. వాడు పూర్తి ఏడాదికి కట్టి 10,000 వేశాడు. రెండో ఏడాది 92,500 మీద 9,250 రావాల్సిన చోట 90,000 మీద 9,000 వచ్చింది. అక్కడి నుంచి చివరి నిల్వ దాకా అంకెలన్నీ పక్కకు జరిగాయి. పద్దులు మాత్రం ఎక్కడివక్కడ సరిగ్గా ఉన్నాయి.

పేజీ తిప్పితే ముగింపు లెక్కలు. అందులో ఇంకా చెల్లించాల్సిన మూడు నెలల అద్దెను వదిలేశాడు. రెండు చోట్లా పోయింది ఒకే దగ్గర, తేదీలను, నెలలను చూడకపోవడం దగ్గర. వాడు చదివిన గైడ్ తెరిచి చూస్తే కారణం దొరికింది. అందులో యంత్రాలన్నీ ఏప్రిల్ 1నే కొన్నారు! అదే గైడ్‌ను మరో పదిసార్లు చదివినా ఈ తప్పు పోయేది కాదు. ఇంకో లెక్క ఇచ్చాను. అక్టోబర్ 1న ట్రాక్టర్ కొన్నట్టు, అదే పద్ధతి. పెన్ను పెట్టకముందే వేళ్ల మీద నెలలు లెక్కపెట్టుకున్నాడు. "ఆరు నెలలే కదా సార్?" అన్నాడు. ఆ ప్రశ్నతోనే వాడికి దారి దొరికిందని నాకు తెలిసింది.

బ్యాక్‌లాగ్ పిల్లలతో కూర్చునేటప్పుడు నేను కొన్ని పద్ధతులు పాటిస్తాను. ముందు పిల్లలు రాసిన పేపర్ చూడాలి, పుస్తకం తర్వాత. తప్పును నేను చూపించకుండా వాళ్లచేతే పట్టించాలి. సరిదిద్దుకున్నాక అంతే కష్టమైన మరో లెక్క ఇవ్వాలి. పాపం కదా అని తేలిక చేస్తే వాళ్లను తక్కువ చేసినట్టే. నలుగురి ముందు మార్కులు చదవకూడదు. ఇవి నేను కనిపెట్టినవి కావు. షికాగో విశ్వవిద్యాలయ ఆచార్యుడు బెంజమిన్ బ్లూమ్ 1968లోనే ఈ దారి చెప్పాడు. చిన్న పరీక్ష పెట్టి, లోపం పట్టుకుని, దాన్ని మళ్లీ మరో తీరులో నేర్పి, అదే స్థాయిలో రెండో పరీక్ష పెట్టమన్నాడు. మనం ఇందులో మొదటి పరీక్షను, రెండో పరీక్షను తీసుకుని నడుమ ఉన్న నేర్పడాన్ని వదిలేశాం.

ఇంటర్‌లో మన రాష్ట్రం రెండు చేదు అనుభవాలు చూసింది. 2019 ఏప్రిల్‌లో వచ్చిన ఫలితాల్లో తప్పులు దొర్లాయి. ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఆ తర్వాత ఫెయిలైనవాళ్ల పేపర్లన్నీ ఉచితంగా మళ్లీ పరిశీలిస్తే వెయ్యి మందికి పైగా పాసయ్యారు. ఫెయిల్ అని ముద్ర వేసే ముందు వ్యవస్థ ఎంత జాగ్రత్తగా ఉండాలో ఆ నెల చెప్పింది. 2021 డిసెంబర్‌లో ఫస్టియర్ ఫలితాలొస్తే పాసైంది 49 శాతమే. మిగిలినవాళ్లలో చాలామంది కరోనాలో ఆన్‌లైన్ పాఠాలు అందని పిల్లలు. ఫెయిలైనవాళ్లందరికీ ప్రభుత్వం 35 మార్కులు వేసి పాస్ చేసింది. ఆ గండం గడవడానికి అది అవసరమే. కానీ అందని పాఠం అందనట్టే ఉండిపోయింది. ఆ లోటు తర్వాత డిగ్రీ మొదటి సెమిస్టర్‌లో మా ముందుకొచ్చింది.

"ఫెయిలైనవాళ్లకు ఇలా మళ్లీ నేర్పితే, మొదటిసారే కష్టపడి పాసైనవాళ్లకు అన్యాయం కాదా?" అని కొందరు సాటి అధ్యాపకులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. పాస్ మార్కులు తగ్గించమని నేను అడగడం లేదు. గీత అక్కడే ఉండాలి. దాన్ని దాటడం మాత్రం అందరికీ నేర్పాలి. ఆలస్యంగా నేర్చుకున్నంత మాత్రాన విద్య విలువ తగ్గదు. రేపు మిర్యాలగూడ రైస్ మిల్లులో పద్దులు రాసే అమ్మాయిని యజమాని అడిగేది లెక్క తేలిందా లేదా అని. ఏ సెమిస్టర్‌లో పాసయ్యావని కాదు.

ఇలా మళ్లీ నేర్పడానికి పెద్ద ఖర్చేమీ అక్కర్లేదు. ఫలితాలు వచ్చిన వెంటనే రెండు వారాల పాటు ప్రతి డిపార్ట్‌మెంట్‌లో రోజుకు ఒక పీరియడ్ బ్యాక్‌లాగ్ పిల్లలకు కేటాయించాలి. తన జవాబుపత్రం చూసుకోవడం విద్యార్థి హక్కని 2011లోనే సుప్రీంకోర్టు సమాచార హక్కు చట్టం కింద తేల్చి చెప్పింది. పత్తి ఏరే తల్లి కూలి డబ్బులతో ఆ హక్కును కొనుక్కోవాల్సిన పరిస్థితి రాకూడదు. ఫెయిలైన ప్రతి పేపర్ నకలును విశ్వవిద్యాలయాలు ఉచితంగా ఇవ్వాలి.

తల్లిదండ్రులకూ ఒక విన్నపం. పిల్లవాడు సబ్జెక్టు పోయిందని ఇంటికొస్తే, ముందు అన్నం పెట్టండి. ఆ తర్వాత "ఎక్కడ పోయింది బిడ్డా?" అని అడగండి. వాడికి తెలియకపోతే కాలేజీకి తీసుకొచ్చి మమ్మల్ని అడగండి. ఆ చోటు చూపించాల్సిన బాధ్యత మాది.