మొదటి బిందె

ఉద్యోగంలో చేరిన కొత్తలో, మిట్టమధ్యాహ్నం ఫైలు చంకన పెట్టుకుని ఓ వీధికి వెళ్లాను. నీళ్లు కంపు కొడుతున్నాయని ఆ వీధి నుంచి మూడో ఫిర్యాదు. కుళాయి తిప్పితే గాలి బుస్సుమంది. అరుగు మీద బియ్యం చెరుగుతున్న మామ్మగారు తలెత్తకుండానే అన్నారు: "ఇప్పుడొచ్చి ఏం చూస్తావు బాబూ? నీళ్లొచ్చేది తెల్లారగట్ల నాలుగింటికి."

శానిటరీ ఇన్‌స్పెక్టర్ శిక్షణలో ఎవరూ చెప్పని మాట అది. మర్నాడు నాలుగింటికి టార్చితో వెళ్లాను. మొదటి బిందె నల్లగా, మురుగు కంపుతో వచ్చింది. అయిదో బిందెకల్లా తేటపడింది. సరఫరా ఆపగానే పైపులో ఒత్తిడి పోతుంది, పగులున్నచోట మురుగు లోపలికి చేరుతుంది. కుళాయికే మోటారు బిగించేవాళ్లుంటే చెప్పక్కర్లేదు, వాళ్లే లాగిపెడతారు.

మామూలు తనిఖీలో కుళాయిని రెండు మూడు నిమిషాలు వదిలేశాక నమూనా పట్టమంటారు. ఫిర్యాదు వచ్చినచోట మాత్రం ఆ వదిలేసే నీళ్లే నాకు కావాలి. అందుకే రెండు సీసాలు పట్టేవాణ్ణి.

నీళ్లలో క్లోరిన్ ఉంటే, ఓటీ (ఆర్థోటాలిడిన్) చుక్కలు వేసినప్పుడు పసుపు రంగు తేలాలి. చివరి కుళాయి దాకా లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలి. ఆ వీధిలో రంగే రాలేదు. ట్యాంకు దగ్గర చూసి 'క్లోరిన్ కలదు' అని రిజిస్టరు నింపడం మా శాఖకున్న పాత జబ్బు. మలంలోని బ్యాక్టీరియాను పట్టే హెచ్‌2ఎస్ సీసా ఒకటి నింపి మామ్మగారి గూట్లో పెట్టాను. మర్నాటికి తారులా నల్లబడింది. నేను వెళ్లేలోగానే ఆవిడ దాన్ని వీధంతా తిప్పి చూపించేశారు. పగులు కోసం ఎక్కువ వెతకక్కర్లేకపోయింది. ఓ ఇంటి కనెక్షన్ పైపు మురుగుకాలవలోంచే పోతోంది.

హోటళ్ల ఫిర్యాదులు ఇంతకన్నా కష్టం. బిర్యానీ తిని వాంతులయ్యాయని కబురొచ్చేసరికి గిన్నెలు తోమేసి ఉంటాయి. ఇక ఫ్రిజ్ తలుపూ, వంటవాడి గోళ్లూ చూడాల్సిందే.

మళ్లీ నీళ్ల విషయానికొస్తే, 2009 మేలో హైదరాబాద్ భోలక్‌పూర్‌లో కలుషితమైన కుళాయి నీళ్లు తాగి మనుషులు చచ్చిపోయారు. కాబట్టి కంపు తగిలిన రోజున మొదటి బిందె పారబోయకండి. శుభ్రమైన సీసాలో కొంచెం పట్టి, ఎన్నింటికి పట్టారో రాసిపెట్టి ఫోన్ చేయండి. ల్యాబుకి అది పనికిరాదు గానీ, ఏ వేళకి రావాలో ఇన్‌స్పెక్టరుకి తెలుస్తుంది.