కొత్త దొరలా, పాత పెట్టుబడా?

గ్రీసు మాజీ ఆర్థికమంత్రి యానిస్ వారూఫాకిస్ 2023లో ‘టెక్నోఫ్యూడలిజం’ అనే గ్రంథం ప్రకటించాడు. పెట్టుబడిదారీ విధానం చచ్చిపోయిందనీ, అమెజాన్, గూగుల్, ఆపిల్ వంటి కంపెనీలు మార్కెట్టును మింగి ఆ చోట సొంత జాగీర్లు నెలకొల్పాయనీ, లాభం స్థానాన్ని శిస్తు ఆక్రమించిందనీ ఆయన వాదం. తండ్రికి చెబుతున్నట్లు వ్రాసిన యీ పుస్తకం సుబోధకంగా వున్నది. శిస్తును గురించిన పరిశీలనా విలువైనదే.

పేచీ అంతా ‘ఫ్యూడల్’ అన్న పోలికతోనే. దొర పైనా, ప్రభుత్వం కిందా వున్నట్లు అది భ్రమ కల్పిస్తుంది. మన జమీందారు ఆకాశంనుంచి వూడిపడలేదు. మద్రాసు రాజధానిలో 1802లో పర్మనెంటు సెటిల్మెంటు చేసి, సనదులిచ్చి అతన్ని స్థిరపరచింది సర్కారే. మరి నేటి దొరల సనదు మీద సంతకం ఎవరిది?

ఐర్లాండు సంగతి చూడండి. ఆపిల్ సంస్థకు అక్కడి ప్రభుత్వం 1991లోనూ, 2007లోనూ పన్ను విషయమై ప్రత్యేక నిర్ణయాలు చేసిపెట్టింది. వాటి ఫలితంగా ఆ సంస్థ తాలూకు ఒక కంపెనీ 2014లో తన యూరపు లాభాలపై కట్టిన పన్ను 0.005 శాతమని యూరోపియన్ కమిషన్ లెక్కగట్టింది. అనగా పది లక్షల యూరోల లాభానికి 50 యూరోలు! 1,300 కోట్ల యూరోల వరకు రాబట్టుకొమ్మని 2016లో కమిషన్ ఆదేశిస్తే, ఆ డబ్బు మాకు వద్దంటూ ఐర్లాండు ప్రభుత్వం ఆపిల్‌తోపాటే కోర్టుకెక్కింది. 2020లో గెలిచింది, 2024 సెప్టెంబరులో యూరపు అత్యున్నత న్యాయస్థానంలో ఓడింది. ఓడినందువల్లనే దాని ఖజానా నిండింది.

ఇది దొరకు లొంగిన ప్రభుత్వం కథ కాదు. పెట్టుబడిని ఆకర్షించడమే పరమధర్మంగా పెట్టుకొన్న ప్రభుత్వం కథ. అలాగని కమిషన్‌ను ప్రజాపక్షంగా భావించడమూ పొరపాటే. ఒక వర్తకునికి సర్కారు చేసిన సాయం తక్కిన వర్తకులకు అన్యాయమన్న సూత్రంమీదనే అది తీర్పు చెప్పింది. కార్మికుని ప్రసక్తి అందులో లేదు.

ప్రభుత్వాల పాత్రను వారూఫాకిస్ మరచిపోయాడనలేము. 2008 సంక్షోభం తరువాత సెంట్రల్ బ్యాంకులు కుమ్మరించిన డబ్బే యీ కంపెనీలను పెంచిందని ఆయనే వివరించాడు. అయితే పెట్టుబడిదారీ రాజ్యం చేతులారా పెంచిన బిడ్డ ఆ విధానాన్నే చంపిందని ఎలా నమ్మడం? ఆయన సాక్ష్యమే ఆయన తీర్పును కొట్టివేస్తున్నది.

విద్యార్థులు యీ గ్రంథాన్ని తప్పక చదవాలి. కాని కంపెనీ బలమైనదా, ప్రభుత్వం బలమైనదా అన్న తూకం దగ్గర ఆగిపోకూడదు. ఆ ప్రభుత్వం ఏ వర్గం పక్షాన సంతకం చేస్తున్నదన్నదే అసలు ప్రశ్న. ఆ ప్రశ్న వదిలేస్తే, దొరను తిట్టి సర్కారుకు దండంపెట్టే దుస్థితి మనకు పడుతుంది.